ఇల్లూ వాకిలీ: కొనేది గోడలా, నేలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. ఫ్లాటు తీసుకోవాలా, విడి ఇల్లు తీసుకోవాలా, విల్లాకీ డూప్లెక్స్‌కీ తేడా ఏంటి, పెంట్‌హౌస్ మంచిదేనా. అందరికీ విడివిడిగా రాసే వీలు లేదు కాబట్టి ఆరు ఉత్తరాలు తీసుకున్నాను. జవాబులు చదివేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆ ఇంటికి అమ్మేవాళ్లు ఏం పేరు పెట్టారన్నది తర్వాత, రిజిస్ట్రేషన్ పత్రంలో మీ పేరు మీద ఎన్ని గజాల నేల రాస్తారన్నది ముందు.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, పాపకి నాలుగేళ్లు. చేతిలో ఉన్నదీ లోనూ కలిపి 95 లక్షల దాకా పెట్టగలం. గేటెడ్ కమ్యూనిటీలో 14వ అంతస్తులో 1,600 అడుగుల ఫ్లాటు (ఇంకా కడుతున్నారు) ఒకటి, ఊరికి కాస్త దూరంగా 120 గజాల్లో విడి ఇల్లు ఒకటి చూశాం. మా వారు ఇల్లే అంటారు, నాకు ఫ్లాటు మీద మనసు. రోజూ ఇంట్లో ఇదే టెన్షన్.
— ఓ పాఠకురాలు, బాచుపల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ 1,600 సంగతి తేలుద్దాం. అది మీరు చాపేసుకుని పడుకునే జాగా కాదు. లిఫ్టు, మెట్లు, కారిడార్, క్లబ్‌హౌస్, అన్నిట్లో మీ వంతు కలిపి చెప్పే లెక్క అది, సూపర్ బిల్టప్ అంటారు. 2016 నాటి రెరా చట్టం, అంటే ఇళ్ల అమ్మకాలని అదుపులో పెట్టే చట్టం, కార్పెట్ ఏరియా (ఇంటి లోపల మీరు నిజంగా వాడుకునే జాగా) అంటే ఏంటో స్పష్టంగా చెప్పింది. బయటి గోడలు, బాల్కనీ, పైపుల షాఫ్టులు అందులోకి రావు, లోపలి అడ్డగోడలు వస్తాయి. అమ్మకం ఆ లెక్కలోనే చెప్పాలి. మీరు అడక్కపోతే మాత్రం నోటిమాటగా పెద్ద అంకే చెబుతారు. 1,600 అన్నచోట కార్పెట్ 1,100 చిల్లర వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మేం 2009లో కొన్నప్పుడు 1,250 అడుగులన్నారు. గృహప్రవేశం అయ్యాక మా మామగారు టేపు పట్టుకుని గది గదీ కొలిచి, పాలవాడి బిల్లు వెనక రాసి కూడితే 900 దాటలేదు. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

రెండోది నేల. ఫ్లాటు కొంటే ఆ స్థలంలో విభజించని వాటా వస్తుంది, యూడీఎస్ అంటారు. మీరు చూసినలాంటి కమ్యూనిటీ 5 ఎకరాల్లో ఉండి 600 ఫ్లాట్లు కట్టారనుకోండి. ఎకరానికి 4,840 గజాలు, అంటే మొత్తం 24,200. పంచితే తలా 40 గజాలు. రోడ్డుకో పార్కుకో కొంత పోతే ఇంకా తక్కువ. విడి ఇంట్లో 120కి 120 మీవే. గోడలు పాతబడతాయి, పెచ్చులూడతాయి, ఇరవై ఏళ్లకు వాటికి వచ్చే ధర తగ్గిపోతుంది. పెరిగేదల్లా నేల ధరే. మీ వారు చెప్పేదాంట్లో ఈ బలం ఉంది.

అలాగని మీ మాట తీసెయ్యలేను. ఇద్దరూ పొద్దున్నే వెళ్లిపోయే ఇంట్లో బోరు ఎండినా, ట్యాంకర్‌కి ఫోన్ చెయ్యాల్సి వచ్చినా, పాపని స్కూల్ బస్సు దగ్గర దింపుకోవాల్సి వచ్చినా చూసేదెవరు? ఆ బాధ్యతలన్నీ ఫ్లాటులో డబ్బిచ్చి వేరేవాళ్లకి అప్పజెప్పుతున్నారు. ఆ డబ్బు కూడా లెక్కేసుకోండి. అడుగుకి 3 రూపాయల మెయింటెనెన్స్ అయితే నెలకి 4,800, అది ఈఎంఐలాగా ఎప్పటికీ తీరేది కాదు. ఇంకా కడుతున్న ఫ్లాటు మీద 5 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. 95 లక్షలకి అదే 4 లక్షల 75 వేలు. పూర్తయి సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది ఉండదు. ఈ ఎత్తైన టవర్లలో చాలావాటికి ఇటుక గోడలుండవు, అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడలుంటాయి, మైవాన్ అంటున్నారే అది. పని త్వరగా అవుతుంది, గట్టిగానూ ఉంటుంది, కానీ రేపు రెండు గదులు కలుపుకుందాం, తలుపు ఇటు తిప్పుకుందాం అంటే కుదరదు. ఆ గోడలే బిల్డింగ్‌ని మోస్తున్నాయి.

నన్నడిగితే మీరు చూసిన రెండూ కాకుండా మూడోది చూడమంటాను. మీ చుట్టుపక్కలే స్టిల్ట్ (కార్లు పెట్టుకోవడానికి కింద స్తంభాలతో వదిలిన అంతస్తు) మీద ఐదంతస్తుల చిన్న అపార్ట్‌మెంట్లు బోలెడు. 600 గజాల స్థలంలో అంతస్తుకి రెండు చొప్పున 10 ఫ్లాట్లు ఉంటే ఒక్కొక్కరికీ 60 గజాల వాటా. ఎనిమిది పదేళ్ల పాతదైనా పర్లేదు, కాపురం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉండాలి, గోడల్లో చెమ్మ లేకుండా ఉండాలి. స్విమ్మింగ్ పూల్ ఉండదు. పక్కింటివాళ్లు మాత్రం పేరు పెట్టి పలకరించేంత దగ్గరగా ఉంటారు, నాలుగేళ్ల పాప ఉన్న ఇంటికి అది చాలా పెద్ద అండ.

ప్రశ్న: విజయవాడ చుట్టూ వెంచర్లలో విల్లా, డూప్లెక్స్, ట్రిప్లెక్స్, రో హౌస్ అని రకరకాలుగా చెబుతున్నారు. అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. మా అమ్మగారు మాతోనే ఉంటారు.
— ఒక పాఠకుడు, పోరంకి

జవాబు: డూప్లెక్స్ అంటే ఇంటి లోపలే మెట్లు ఉండి రెండు అంతస్తులూ ఒకే కాపురానివి. మూడైతే ట్రిప్లెక్స్. అది గదుల అమరిక మాత్రమే, ఫ్లాటు కూడా డూప్లెక్స్ కావచ్చు. రో హౌస్ అంటే వరసగా కట్టిన ఇళ్లు, పక్కవాళ్లదీ మీదీ ఒకే గోడ, వాళ్లు మేకు కొడితే మీకు వినిపిస్తుంది. విల్లా అనేది ఎక్కువగా అమ్మకం భాష. ప్రహరీ లోపల, కామన్ రోడ్లతో, గేటు దగ్గర సెక్యూరిటీతో ఉండే విడి ఇల్లు అనుకోండి.

ఇక్కడ మీరు కనిపెట్టాల్సిన మెలిక ఒకటుంది. కొన్ని విల్లా ప్రాజెక్టుల్లో మీ ఇల్లున్న ప్లాటు హద్దులతో సహా మీ పేరున రిజిస్టర్ చేస్తారు. కొన్నింటిలో ఫ్లాటులాగే మొత్తం స్థలంలో విభజించని వాటా రాస్తారు. చూడ్డానికి రెండూ ఒకటే, చుట్టూ గడ్డీ, ముందు కారు షెడ్డూ. పాతికేళ్ల తర్వాత పడగొట్టి మళ్లీ కట్టుకుందామంటే మాత్రం రెండో రకంలో అందరి ఒప్పుదల కోసం తిరగాలి. డ్రాఫ్ట్ సేల్ డీడ్ ముందే అడిగి తీసుకోండి, అందులో నాలుగు హద్దులు ఉన్నాయో లేదో చూడండి. అడ్వాన్సు కింద 10 శాతం కంటే ఎక్కువ తీసుకోవాలంటే ముందు అగ్రిమెంట్ రిజిస్టర్ చెయ్యాలని రెరాలో ఉంది, అది గుర్తుచేయడానికి మొహమాటపడకండి.

ఇక అమ్మగారి సంగతి. ఈ డూప్లెక్సుల్లో చాలావాటికి కింద హాలు, వంటిల్లు, ఒక చిన్న గది పెట్టి దానికి గెస్ట్ రూమ్ అని పేరు పెడతారు. ఆ గదికి లోపలినుంచే బాత్రూమ్ ఉందా, తలుపు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పుందా అన్నది నేనైతే ముందు చూస్తాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ పై అంతస్తు గదిలో ఉంటే భోజనానికి దిగడం, ఎక్కడం, దేవుడి గదికి మళ్లీ దిగడం. ఆర్నెల్లకి ఆవిడ దిగడం మానేసి గదికే పళ్లెం తెప్పించుకుంటారు. ఇది మా పెద్దమ్మ విషయంలో కళ్లారా చూశాను. ట్రిప్లెక్స్ మాత్రం లిఫ్టు లేకుండా మీరు తీసుకోవద్దు.

ప్రశ్న: ఉప్పల్ దగ్గర ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ పైన పెంట్‌హౌస్ చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?
— పేరు రాయలేదు

జవాబు: మంజూరైన ప్లాను కాపీ తెప్పించి అంతస్తులు లెక్కపెట్టండి. ప్లానులో స్టిల్ట్ ప్లస్ ఐదు ఉండి మీరు కొనేది ఆరోదైతే వదిలెయ్యండి. చాలాచోట్ల జరిగేది ఇదే. పైన ఖాళీ ఉంది కదా అని గదులు లేపుతారు, దానికి అనుమతీ ఉండదు, నేలలో వాటా కూడా సరిగా రాయరు. పైగా ఆ టెర్రస్ కింద ఉన్నవాళ్లందరికీ ఉమ్మడి, బట్టలారేసుకునే హక్కు వాళ్లదీను. బ్యాంకు లోను ఇవ్వకపోతే అక్కడే మీకు అర్థమైపోవాలి. ప్లానులో ఉన్న పెంట్‌హౌస్ అయితే సంగతి వేరు, అప్పుడు శ్లాబు మీద వేడి తగలకుండా ఏం చేశారో చూసుకుంటే చాలు.

ప్రశ్న: మా నాన్నగారి ఇల్లు మండువా లోగిలి, 12 సెంట్ల స్థలంలో ఉంది. ఆయన వీలునామా రాయకుండా పోయారు. మేం ముగ్గురు అన్నదమ్ములం, అందరం ఊళ్లు పట్టుకుపోయాం. ఒక బిల్డర్ డెవలప్‌మెంట్‌కి ఇవ్వమంటున్నారు, 10 ఫ్లాట్లు కట్టి సగం మాకు ఇస్తారట. పెద్దన్నయ్య ఇచ్చేద్దామంటున్నారు. అమ్మ మాత్రం మాట్లాడ్డం లేదు. మా చెల్లెలి పెళ్లి జరిగింది కూడా ఈ మండువాలోనే. ఏం చెయ్యాలి?
— ఒక పాఠకుడు, భీమవరం దగ్గర

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు కాగితాల మాట. మీరు ముగ్గురు అన్నదమ్ములం అని రాశారు, ఉత్తరం చివర్లో చెల్లెలి పెళ్లి ఆ మండువాలోనే జరిగిందన్నారు. మరి ఆవిడ సంతకం? వీలునామా లేకుండా తండ్రి పోతే ఆయన ఆస్తిలో భార్యకీ, కొడుకులకీ, కూతురికీ వాటా ఉంటుంది. పిత్రార్జితమైతే 2005 సవరణ తర్వాత ఆడపిల్లకి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు. కట్నం ఇచ్చేశాం కదా అనేది చట్టం ముందు చెల్లదు, న్యాయమూ కాదు. అమ్మ, మీరు ముగ్గురూ, చెల్లెలూ, అయిదుగురూ ఒకచోట కూర్చున్నాకే బిల్డర్‌ని పిలవండి.

ఇప్పుడు లెక్క. 12 సెంట్లంటే సుమారు 580 గజాలు. 10 ఫ్లాట్లకు పంచితే ఒక్కోదానికి 58 గజాల వాటా. మీకు అయిదు వస్తే మీ కుటుంబానికి మిగిలే నేల 290 గజాలు, అదీ ఎవరిది ఎక్కడని గీత గియ్యలేని నేల. అంటే సగం భూమి ఇచ్చి దానికి బదులు అయిదు ఫ్లాట్ల కట్టుబడి తీసుకుంటున్నారు. మీ ఊళ్లో గజం ఎంత, కట్టడానికి అడుగుకి ఎంత అవుతుంది, ఈ రెండూ మీకు తెలుసు, నాకు తెలీదు. కూర్చుని వేసుకుంటే సగం సగం న్యాయమో కాదో గంటలో తేలిపోతుంది. ఒప్పుకుంటే ఒప్పందం రిజిస్టర్ చేయించండి, ఏ అంతస్తులో ఏ ఫ్లాటు ఎవరిదో నంబర్లతో రాయించండి, ఆలస్యమైతే నెలకి ఎంత అద్దె కడతాడో రాయించండి. 500 చదరపు మీటర్లకి లోపు స్థలం కాబట్టి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఆయన అనొచ్చు. అలా అంటే మీ పత్రమే మీకు దిక్కు, లాయరుకిచ్చే ఫీజు దగ్గర వెనకాడకండి. ఇంకొకటి అందరూ మర్చిపోతారు, పాత ఇంటి కలప ఎవరిదో రాయించండి. ఆ టేకు స్తంభాలు, చెక్కిన ద్వారబంధాలు, దూలాలు, మీరు పట్టించుకోకపోతే పడగొట్టేవాడి లారీలో వెళ్లిపోతాయి.

ఇక ఇల్లు. మండువా అంటే తెలీని పిల్లలు ఈ శీర్షిక చదువుతున్నారు కాబట్టి చెబుతాను. నాలుగువైపులా సావిళ్లు, గదులు, మధ్యలో ఆకాశం కనిపించే నలుచదరపు జాగా. పెంకుల కప్పు నాలుగు దిక్కులనుంచీ లోపలికి వాలి ఉంటుంది. వాన పడితే నాలుగు చూరుల నీళ్లూ మధ్యలోకే దూకి తూములోంచి బయటికి పోతాయి. వేసవి మధ్యాహ్నం లోపలి వేడిగాలి ఆ మధ్యలోంచే పైకి లేచిపోతుంది, కింద వసారాలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. కరెంటు లేని రోజుల్లో పాతికమంది ఒక ఇంట్లో ఉక్క తెలీకుండా బతికింది అందుకే. ఇప్పటి ఫ్లాటులో మధ్యన ఉండేది నాలుగడుగుల డక్టు, అందులో డ్రైనేజీ పైపులు.

మీ అమ్మగారు మాట్లాడకపోవడానికి కారణం మీకు తెలిసే ఉంటుంది. ఆవిడ కాపురానికి వచ్చి కాలు పెట్టిన గడప అది. ఆవిడ బతికి ఉన్నంతకాలం పడగొట్టొద్దని నా మాట, గట్టిగానే చెబుతున్నాను. ఈలోగా కప్పు చూడండి. పెంకులు జారినచోట నీళ్లు వాసాల్లోకి దిగితే మూడు వానాకాలాల్లో కర్ర పుచ్చిపోతుంది. గోడలో దూరిన దూలం చివర్లు తట్టి చూడండి, బోలు శబ్దం వస్తే చెద పట్టినట్టే. నలుగురు పిల్లలూ తలా కొంచెం వేసుకుంటే ఈ రిపేరు మీకు భారం కాదు. గోదావరి జిల్లాల్లో కొందరు ఇలాంటి ఇళ్లని బాగుచేసి వచ్చేపోయే చుట్టాలకీ, షూటింగులకీ, టూరిస్టులకీ ఇస్తున్నారు. కుదిరితే అదీ ఆలోచించండి.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటున్నాం. ఇన్నాళ్లూ అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నాం. ఇప్పుడు కొందామంటే కాండో, టౌన్‌హోమ్, సింగిల్ ఫ్యామిలీ అంటున్నారు. మన లెక్కలో చెప్పండి.
— ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: అక్కడ అపార్ట్‌మెంట్ అంటే అద్దె ఇల్లనే అర్థం, మనం కొనుక్కునే ఫ్లాటు వాళ్లకి కాండో. గోడల లోపలిది మీది, మిగిలింది ఉమ్మడి, మన యూడీఎస్ లాంటిదే. టౌన్‌హోమ్ మన రో హౌస్, గోడ ఉమ్మడి, సాధారణంగా కింద నేల మీది. అయినా పత్రం చూడాలి, కాండో పద్ధతిలో రాసినవీ ఉంటాయి. సింగిల్ ఫ్యామిలీ అంటే మన విడి ఇల్లు. మన అసోసియేషన్ కంటే అక్కడి హెచ్ఓఏ (ఇంటి యజమానుల సంఘం) చాలా గట్టిది, గడ్డి పెరిగినా, గోడకి రంగు మార్చినా నోటీసు వస్తుంది. దాని రూల్సు కొనేముందే చదవండి. టెక్సాస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, బదులుగా ఇంటిపన్ను ఎక్కువ. ఈఎంఐ పక్కన ఆ అంకె కూడా రాసుకోండి.

మన కృష్ణా, గుంటూరు వాళ్లకి వెంటనే తెలిసే సంగతి ఒకటి చెబుతాను. డాలస్ చుట్టూ నేల చాలాచోట్ల మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇల్లు దాని మీద పోసిన కాంక్రీటు పలక మీద నిలబడుతుంది, అందుకే ఎండాకాలంలో అక్కడివాళ్లు ఇంటి చుట్టూ పైపు పెట్టి పునాదికి నీళ్లు పడతారు. పాత ఇల్లు కొంటే తలుపు మూలల్లో ఏటవాలు బీటలున్నాయేమో, తలుపులు బిగుసుకుంటున్నాయేమో చూసి, పునాది చూసే ఇంజనీర్‌ని విడిగా పిలిపించండి.

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. తాతల కాలం మట్టిమిద్దె. అబ్బాయి పైకప్పు తీసి ఆ గోడల మీదే శ్లాబు వేద్దామంటాడు. వద్దంటే పాతకాలం మనిషినంటాడు.
— ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: అయ్యా, ఈ విషయంలో మీ భయం నిజమైన భయమే. మట్టితో పేర్చిన రాతిగోడ మట్టిమిద్దెని ఇన్నేళ్లు మోసింది కదా అని కాంక్రీటు శ్లాబుని కూడా మోస్తుందనుకోవడం తప్పు. శ్లాబు వేస్తే బరువు గోడల మీద గట్టిగా దిగుతుంది, ఎక్కడ మట్టి కరిగి ఉందో అక్కడ గోడ పక్కకి జరుగుతుంది. శ్లాబే కావాలంటే పునాదినుంచి పిల్లర్లు లేపి వాటి మీద వేయాలి. అబ్బాయికి ఇది నా మాటగా చెప్పండి, సివిల్ ఇంజనీర్‌ని తీసుకొచ్చి చూపించమనండి.

అబ్బాయి బాధ కూడా నాకు తెలుసు. మిద్దె కారుతుంది, కప్పులోంచి మన్ను రాలుతుంది, ఏటా పైకెక్కి పని చెయ్యాలి, పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు పైకి చూస్తారు. ఆ వయసులో అది చిన్న విషయం కాదు. అందుకని వాకిట్లో జాగా ఉంటే ఒక గది, బాత్రూమ్ విడిగా పునాది వేసి శ్లాబుతో కట్టుకోమనండి, పాత మిద్దెని అలాగే ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో ఆ కొత్త గదిలో ఫ్యాను వేడిగాలి తిప్పుతుంటే పగలంతా అందరూ వచ్చి పడుకునేది పాత మిద్దె కిందే.

మిద్దెని నిలబెట్టేది పైన వేసే చౌడు. ఆ ఉప్పు మట్టి తడిస్తే బిగిసి నీళ్లని కిందికి పోనివ్వదు, అందుకే మీ పెద్దలు వానలకి ముందు బండెడు చౌడు తెచ్చి పరిచేవాళ్లు. మానేశాకే మిద్దెలు కారడం మొదలైంది. ఈ వేసవిలోనే నిచ్చెన వేసి ఎక్కండి, మొలిచిన గడ్డి వేళ్లతో సహా పీకించండి, నీళ్లు బయటికి పోయే దోనెల్లో మన్ను తీయించండి, గవాక్షి (వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత) చుట్టూ కట్ట తెగిందేమో చూడండి. తర్వాత చౌడు పరిచి వాలు దోనెవైపు ఉండేలా తొక్కించండి. అబ్బాయిని కూడా పైకి తీసుకెళ్లండి, చెయ్యడం వాడికీ వస్తుంది.